ఏడు కొసల తీగ

బహుళ తదియ

పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ నన్ను కట్ట మీదికి పిలిచారు. పిలిచింది ప్రేమతో కాదు. కరకట్ట సంఘంలో మీటరు పట్టడం తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకడు నా తర్వాత నా కుర్చీలో కూర్చున్న ఫల్గుణరావు, రెండోవాణ్ణి నేను. అతని వల్ల కాలేదు.

విషయం రాసిపెడతాను. ఇరవై నాలుగు కిలోమీటర్ల కట్ట. దాని వెంట ఊరికొకటి చొప్పున ముప్పై ఒక్క స్తంభాలు, ప్రతి స్తంభానికి ఒక పెట్టె. కాలవ మట్టం, నీటిలో ఉప్పు, తూము తెరిచి ఉందా మూసి ఉందా అన్నది ఆ పెట్టె చెబుతుంది. అన్నిటినీ కలిపేది ఒకే ఒక మెలితీగ జత, అంటే ఒకదానితో ఒకటి మెలేసిన రెండు రాగి తీగలు. ఆకాశంలో హోరు మొదలై రేడియోలన్నీ మూగబోయాక ఈ దేశంలో దూరానికి మాట మోసేది రాగి తీగ ఒక్కటే. చివరి స్తంభం ఇసకపర్రలో ఉంది. అక్కడి సముద్రపు తూమును పైనుంచి ఆజ్ఞ పంపి మోటారుతో మూస్తాం. ఆజ్ఞ అందకపోతే చేత్తో తిప్పాలి. నలుగురు తిప్పినా రెండు గంటలు పడుతుంది. పోటు అంతసేపు ఆగదు.

ఏడాదిగా పున్నమికీ అమావాస్యకూ తీగ చచ్చిపోతోంది. సరిగ్గా పెద్ద పోట్లు వచ్చే రోజుల్లోనే. మొన్న పున్నమికి సముద్రం లోపలికి వచ్చి ఇసకపర్ర మంచినీళ్ళ చెరువును సగం చెడగొట్టింది. ఈ అమావాస్యకు కూడా తీగ పలక్కపోతే కట్టను మడపాయ దగ్గరే అడ్డంగా మూసేస్తామని సంఘం తీర్మానించింది. మడపాయ అవతలి ఎనిమిది ఊళ్ళకు మెరక మీద వేరే కట్ట పోస్తారట. ఇసకపర్రకు మాత్రం ఏ కట్టా లేదు. మూడు వందల కుటుంబాలు రేకుల షెడ్లకు పోవాలి, ఊరు సముద్రానికి పోవాలి.

ఇసకపర్ర మీద జాలితో వచ్చానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఫల్గుణరావు తన రిపోర్టులో 'ఉప్పుతేమ వల్ల అతుకులు చెడినవి' అని రాశాడు. ఆ అతుకులు నేను వేసినవి. అందుకు వచ్చాను.

బహుళ పంచమి

మడపాయ నుంచి ఇసకపర్ర దాకా నడిచాను. ఆరు కిలోమీటర్లు. మడపాయలో రిపీటరు ఉంది, అంటే అలసిపోయిన సంకేతాన్ని కొత్తగా తిరగరాసి ముందుకు పంపే పెట్టె. దాని తర్వాతి ముక్కలోనే జబ్బు.

అతుకులు పదహారు విప్పాను. లోపల తారు ఇంకా మెరుస్తోంది. ఒక్క చుక్క తేమ లేదు. ప్రతి అతుకునూ నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయించాను. ఫల్గుణరావు చూడాలి.

తీగకు చెడ్డపేరు తెచ్చేది తీగ కాదు, మనుషులు. నా కాలంలో తీగ కట్ట వెంట తిన్నగా పోయేది. పెట్టె స్తంభానికే ఉండేది. ఇప్పుడు ప్రతి ఊరూ తీగను మధ్యలో తెగ్గోసి, కొమ్మలాగా లాక్కుపోయి, పెట్టెను ఊరి చావిట్లో పెట్టుకుంది. ఎందుకయ్యా అంటే మా పెట్టె మా కళ్ళ ముందుండాలి అన్నారు. ఎనభై మీటర్ల కొమ్మ! సంకేతం ఆ సందులోకి పోయి, గోడకు కొట్టుకుని, వెనక్కి వచ్చి అసలు మాటతో కలబడుతుంది. నేను బతికుండగా పది మీటర్లు దాటిన కొమ్మ పడనివ్వలేదు. బతికే ఉన్నాను కదా, కానీ నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు.

అయినా ఈ కొమ్మల వల్ల అప్పుడప్పుడు ఒకటి రెండు అంకెలు తప్పిపోవచ్చు గాని, లైను మొత్తం చావదు. ఇంకేదో ఉంది.

ఇసకపర్ర తూము కాపలా ఒక ఆడమనిషి. దీవెనమ్మ. యాభై దాటి ఉంటుంది. నన్ను చూడగానే అడిగింది.

"తీగ పంతులుగారంటే మీరేనా? పోయారనుకున్నానే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. పద్నాలుగేళ్ళు కనపడకపోతే ఏమనుకుంటాం? కూర్చోండి. నీళ్ళు తాగుతారా? ఉప్పగా ఉంటయి, ముందే చెబుతున్నా."

తాగాను. ఉప్పగానే ఉన్నాయి. పెట్టె మీద అంకె చూశాను. లీటరుకు గ్రాము నాలుగు, అంటే గ్రాము పైన నాలుగు పదోవంతులు. రెండు గ్రాములు దాటితే మనుషులు తాగే నీళ్ళు కావు.

బహుళ నవమి

నాలుగు రోజులుగా తీగ చక్కగా పలుకుతోంది. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ. ఇంతకన్నా చిరాకు లేదు. నొప్పి తగ్గాక వైద్యుడి ముందు కూర్చున్న రోగిలా ఉంది దీని వాలకం. కాలు నిలవడం లేదు. పొద్దున్నుంచి కట్ట మీద ఇటు అటు తిరుగుతున్నాను. బందరు లైబ్రరీ మునిగినప్పుడు పడవలో తెచ్చుకున్న మూడు వందల పుస్తకాల్లో నాలుగు వెంట తెచ్చాను. దేనిలోనూ పేజీ దాటడం లేదు. రోము పతనానికి కారణాలు చదువుతుంటే అక్కడ కూడా ఎవడో ఒక ఫల్గుణరావు ఉండే ఉంటాడనిపిస్తోంది.

దీవెనమ్మ చేపల బుట్ట అల్లుకుంటూ నా తిరుగుడు చూస్తోంది.

"పంతులుగారూ, కాసేపు కూలబడండి. మిమ్మల్ని చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నయి."

"తీగ ఎప్పుడు చస్తుందో తెలిస్తే కూర్చుంటాను."

"దానికేముంది, తలుపు మీద రాసిపెట్టానుగా."

తూము గది తలుపు లోపలివైపు బొగ్గుతో గీతలు. ఏడాది మొత్తం. పున్నమి, అమావాస్య, ఏ పూట పోయింది, ఏ పూట వచ్చింది. సంఘంలో ఇంజనీరింగు చదివినవాళ్ళు పదకొండుమంది ఉన్నారు. ఒక్కడూ ఈ పని చేయలేదు.

"ఇది ఫల్గుణరావుకు చూపించావా?"

"ఆయన గది లోపలికి వస్తేగా! కట్ట మీదే జీపులో కూర్చుని, 'ఉప్పుగాలమ్మా, ఉప్పుగాలి' అని ఎల్లిపోయాడు."

గీతలు రెండుసార్లు చదివాను. తీగ ప్రతిసారీ పండక్కి వచ్చినట్టు ఒకే వేళకు పోతోంది. అమావాస్యకు రెండు రోజుల ముందు పొద్దున పోయి, అమావాస్య మర్నాడు మధ్యాహ్నం వస్తోంది. పున్నమికీ అంతే. పోటు అయితే రోజుకు రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోవాలి, రోజుకింత చొప్పున వేళ జరగాలి. ఇది జరగడం లేదు. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో, కట్ట అడుగు పొడిగా ఉన్నప్పుడు కూడా తీగ చచ్చే ఉంది.

సముద్రం చేసే పని కాదు. వేళ చూసుకుని చేసే పని మనుషులది.

బహుళ త్రయోదశి

పొద్దున ఏడున్నరకు 31, అంటే ఇసకపర్ర స్తంభం, పలకడం మానేసింది. తర్వాత 30, 29, 28. తొమ్మిదికి మడపాయ అవతల అంతా నిశ్శబ్దం.

సంతోషం పట్టలేక మడపాయ రిపీటరు గది మెట్లు రెండేసి చొప్పున దిగాను. ఈ వయసులో చేయకూడని పని.

రిపీటరు ఆపించి తీగ మీద మీటరు పెట్టాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. తీగ చివర ఏమీ లేకపోతే సంకేతం బావిలో కేకలాగా వెనక్కి తిరిగి వస్తుంది. అందుకని తీగకు రెండు కొసల్లోనూ ఒక్కొక్క రెసిస్టరు పెడతాం, నూట ఇరవై ఓములది. వచ్చిన మాటను అది మింగేస్తుంది, ప్రతిధ్వని ఉండదు. దాన్ని మేము కొసపెట్టె అంటాం. తీగకు కొసలు రెండే కాబట్టి పెట్టెలూ రెండే. రెండూ కలిస్తే మీటరు మీద అరవై కనపడాలి.

తీగ సొంత నిరోధం తీసేసి చూస్తే పదిహేడు.

నూట ఇరవైని ఏడుతో భాగిస్తే పదిహేడు. ఈ తీగకు ఏడు కొసలున్నాయి. రెండు నావి. మిగతా ఐదూ మధ్యలో కూర్చుని, పోతున్న ప్రతి మాటలోనూ తలా ఒక గుక్క తాగుతున్నాయి. ఇసకపర్ర దాకా మిగిలేది పెదవుల కదలిక మాత్రమే.

మొదట దొరికింది 26లో, కొత్తపాయ చావిట్లో. చావిడి ముందు ముగ్గు. పెట్టెకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దాని పక్కనే చెక్క మీద మేకులు కొట్టి బిగించిన కొసపెట్టె. రెసిస్టరు చచ్చిన రేడియోలోంచి పీకింది. నూట ఇరవై ఓములని చెప్పే రంగు చారలు మాత్రం సరిగ్గా చూసి పీకారు: గోధుమ, ఎరుపు, గోధుమ. ఊరి పెద్ద నాంచారయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇది ఎవరు పెట్టారు నాంచారయ్యా?"

"మేమే పెట్టాం. ముట్టుకోకండి పంతులుగారూ, రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడు."

"వస్తే?"

"తెలవనట్టు అడుగుతారేంటండీ? కొసపెట్టె ఉన్న ఊరికేగా కొస ఊరి హక్కు! కొస ఊరికేగా పక్షానికోసారి కాలవలో తొలినీళ్ళు! వచ్చి పెట్టె ఉందా లేదా చూస్తాడు, ఉంటే చీటీలో పేరేస్తాడు. పున్నమికీ అమావాస్యకూ చీటీ తీసి, ఎవరి పేరొస్తే వాళ్ళకు ముందు వదుల్తారు. మర్నాడు మేం పెట్టె ఇప్పేసి దాచుకుంటాం, ఎండకు పాడవుద్దని."

"మీ ఊరు మధ్యలో ఉందయ్యా. మీ తర్వాత ఇంకా ఐదు ఊళ్ళున్నాయి."

"ఉంటే? రూల్లో ఊరెక్కడుందో చూడమని లేదు. పెట్టె చూడమని ఉంది. ఇరవై మూడోళ్ళు పెట్టారు, ఇరవై ఏడోళ్ళు పెట్టారు. మేం గాజులేసుకుని కూర్చోవాలా? నారుమళ్ళు ఎండిపోతన్నయి."

"దీనివల్లే తీగ చస్తోంది. ఇసకపర్ర మునుగుతుంది."

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆ ముక్క మాకెవరూ చెప్పలా. చెప్పినా మేం ఒక్కళ్ళం తీస్తే ఏమవుద్ది? మిగతా నాలుగూ ఉంటయి, మా నీళ్ళు పోతయి. అందరిచేతా తీయించండి, తీస్తాను. ఆ రూలు రాసిన పెద్దమనిషెవరో ఆయన్ని పట్టుకోండి."

పట్టుకుంటాను. ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలుసు. ఇంత తెలివితక్కువ రూలు రాయగలిగినవాడు ఈ కట్ట మీద ఒక్కడే.

బహుళ చతుర్దశి

సంఘం ఆఫీసుకు పొద్దున్నే వెళ్ళాను. ఫల్గుణరావు టీ తెప్పించాడు. జుట్టు తెల్లబడింది. సంతోషించాను.

అతుకుల ఫోటోలు బల్ల మీద పరిచాను. మీటరు లెక్క చెప్పాను. ఏడు కొసల సంగతి విన్నాక అతను కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఉప్పుతేమ అని నేను రాసింది తప్పే. ఒప్పుకుంటున్నాను," అన్నాడు.

పద్నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట. అది ఇంత చప్పగా ఉంటుందనుకోలేదు.

"అది చాలదు. కొస ఊరి రూలు కాగితం కావాలి. ఎవరు రాశారో సభలో చదువుతాను."

"వద్దులెండి పరాంకుశం గారూ."

"ఎందుకు వద్దు? సంతకం నీదనా?"

అతను లేచి బీరువా తెరిచాడు. వెతకలేదు. ఏ కట్టలో ఏ కాగితమో అతనికి ముందే తెలుసు. నా ముందు పెట్టాడు.

ఇరవై ఆరేళ్ళ కిందటిది. కరువు సంవత్సరం. 'కొస ఊరు ఏదన్న వివాదం వచ్చినప్పుడు కొసపెట్టె ఉన్న ఊరినే కొస ఊరుగా గుర్తించవలెను.' కింద నా సంతకం. గుండ్రంగా, నింపాదిగా, ఇప్పటికన్నా అందంగా ఉంది.

ఆ రోజు గుర్తొచ్చింది. నలుగురు ఊరిపెద్దలు నా గదిలో గంటన్నరగా అరుస్తున్నారు. కట్ట ఏటేటా సముద్రం వైపు పెరుగుతోంది, కొస ఊరు ఏటేటా మారుతోంది. నాకు విసుగేసింది. వీళ్ళు నన్ను వదిలి పోతే చాలనిపించింది. పెట్టె ఎక్కడుంటే అదే కొస, ఇక పొండి, అన్నాను. గుమాస్తా రాసుకున్నాడు. నేను చదవకుండానే సంతకం పెట్టాను. పెట్టెను ఇంకొకడు కూడా చేసుకోగలడన్న ఆలోచనే నాకు రాలేదు. నేను చేసేది ఇంకొకడు చేయగలడని నేను ఏనాడూ అనుకోలేదు.

"ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మిమ్మల్ని తీసేసిన ఏడు చూశాను. అప్పటికి ఎవరూ దొంగపెట్టెలు పెట్టలేదు, అందుకని పట్టించుకోలేదు."

"అప్పుడే బయటపెడితే నీకు మంచి పేరొచ్చేది."

"మిమ్మల్ని పంపించడానికి మీ నోరే సరిపోయింది. కాగితం అవసరం పడలేదు," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "ఇప్పుడు కూడా దారి ఉంది. తేమ అనే రాసేద్దాం. ఇద్దరం సంతకం పెడదాం. మీ పేరూ పోదు, నా పేరూ పోదు. కట్ట మడపాయ దగ్గర మూస్తారు. ఇసకపర్ర ఇవాళ కాకపోతే పదేళ్ళకు పోయేదేగా?"

బయటికి వచ్చాను. ఎంత దూరం నడిచానో తెలియదు. తేమ అని రాస్తే నా అతుకులు చెడ్డవని నేనే ఒప్పుకున్నట్టు. దొంగపెట్టెలని రాస్తే నా రూలు చెడ్డదని ఒప్పుకున్నట్టు. చదివిన చరిత్రలన్నిటిలో పడిపోయినవాళ్ళ పక్కన నిలబడి వేలు చూపించే అలవాటు నాకు. ఆ వేలు ఇటు తిరిగితే ఎలా ఉంటుందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

అమావాస్య

పోటు సాయంత్రం ఐదుకు. నీటి వంతుల సభ పొద్దున తొమ్మిదికి, మడపాయ బడిలో. ముప్పై ఒక్క ఊళ్ళ పెద్దలు. ఇసకపర్ర తరఫున దీవెనమ్మ.

చీటీల డబ్బా తెచ్చే లోపే లేచి కాగితం చదివాను. సంతకం కూడా చదివాను. తర్వాత ఐదు ఊళ్ళ పేర్లు చదివాను.

వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కొన్ని కొత్తవి, బాగున్నాయి.

గోల కాస్త తగ్గాక నాంచారయ్య లేచాడు. "సరే, పంతులుగారు తప్పు రాశారు. రాసినాయనే ఒప్పుకున్నాడు. పెట్టెలు తీస్తాం. మరి తొలినీళ్ళు? మేం పెట్టెలు తీసేస్తే తొలినీళ్ళు పదిహేను రోజులకోసారి ఇసకపర్రకే పోతయి. వాళ్ళకు చేనే లేదు! మా నారు ఎండబెట్టి వాళ్ళ చెరువు నింపాలా?"

ఐదు ఊళ్ళూ కేకలేశాయి. ఐదు కాదు, పది. అధ్యక్షుడు గడియారం చూశాడు. పదిన్నర. అప్పుడు దీవెనమ్మ చెయ్యెత్తింది.

"తొలినీళ్ళు మాకొద్దు."

"కూర్చో దీవెనమ్మా," అన్నాను. "నీకు తెలియక మాట్లాడుతున్నావు. అది వదిలేస్తే మీ వంతు ఆఖరికి వస్తుంది. అప్పటికి కాలవలో బురద తప్ప ఏమీ ఉండదు. చెరువు ఉప్పు రెండు దాటుతుంది."

"నాకు తెలుసు పంతులుగారూ. పెట్టె మీద అంకె రోజూ చూసేది నేనేగా." ఆమె అందరి వైపూ తిరిగింది. "కొస హక్కు అనేదే తీసేయండి. పైనుంచి వరసగా పారించుకోండి. మేం ఆఖర్న తీసుకుంటాం. హక్కు లేకపోతే దొంగపెట్టె ఎవరికీ అక్కర్లేదు. మాకు తీగ ఇవ్వండి చాలు. నీళ్ళు ఉప్పయితే కావిళ్ళతో మోసుకుంటాం. ఊరే పోతే ఏం మోసుకుంటాం?"

తీర్మానం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇష్టమైన తీర్మానాలు అంతే తొందరగా అవుతాయి.

మూడింటికల్లా ఐదు పెట్టెలూ విప్పారు. మీటరు మీద అరవై. నాలుగు ఇరవైకి 31 పలికింది. నాలుగున్నరకు ఆజ్ఞ పంపాను. నాలుగు ముప్పై ఎనిమిదికి తూము మూసుకుంది. ఐదుకు పోటు వచ్చింది. రాత్రంతా ఒక్క అంకె తప్పిపోలేదు.

మడపాయ అడ్డుకట్ట తీర్మానం రద్దు. ఇసకపర్ర ఉంటుంది.

శుద్ధ పంచమి

నన్ను ఇంటికి వెళ్ళమన్నారు. వెళ్ళలేదు. మడపాయ గదిలో కూర్చుని 31 చెప్పేది వింటున్నాను. తీగ ఎంత బాగుందంటే దానిలో ఒక్క అబద్ధం లేదు. మొన్న ఉప్పు గ్రాము ఆరు. నిన్న గ్రాము ఏడు. ఇవాళ ఎనిమిది. వంతు ఇసకపర్రకు చేరడానికి ఇంకా నాలుగు రోజులుంది.

నమ్మకమైన లైను వేయడం అంటే ఇదని నలభై ఏళ్ళుగా అందరికీ పాఠం చెప్పాను. ఒక ఊరు తాగే నీళ్ళు ఎలా చెడుతున్నాయో పొల్లు పోకుండా వినడం.

మధ్యాహ్నం కూర్చోలేక ఒక పని చేశాను. ఇది ఒకే తీగ. ఒక పెట్టె మాట్లాడితే ముప్పై ఒక్కటికీ వినపడుతుంది. తమ నంబరు కాని మాటను పట్టించుకోవద్దని పెట్టెలకు నేర్పింది నేనే, ఎవరి గోల వాళ్ళదని. ఆ కట్టడి తీసేశాను. ఇప్పుడు ప్రతి చావిట్లో, ప్రతి పెట్టె మీద, సొంత అంకె కింద ఇంకో అంకె కనపడుతుంది: ఇసకపర్ర, ఉప్పు, ఇంత. పది నిమిషాలకోసారి.

ఫల్గుణరావు లైను మీద అక్షరాలు కొట్టి అడిగాడు. "ఎవరి అనుమతితో మార్చారు?"

"ఎవరి అనుమతీ లేదు. మళ్ళీ తీసేయి నన్ను."

అరగంటకు జవాబు వచ్చింది: "అంకె మరీ చిన్నగా ఉంది. పెద్దది చేయండి, ముసలివాళ్ళకు కనపడదు."

శుద్ధ అష్టమి

31లో ఉప్పు గ్రాము తొమ్మిది. దీవెనమ్మ ఊళ్ళో కావిళ్ళు సిద్ధం చేస్తున్నారట.

26వ తూము వంతు పొద్దున ఆరుకు మొదలైంది. తొమ్మిదైనా తూము మూసే ఉన్నట్టు చూపిస్తోంది. ఉదయమంతా అదే. మట్టం చూస్తే కాలవ నిండుగా 26ను దాటి కిందికి పోతోంది. పెట్టె తప్పు చెబుతోందేమోనని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మూసి ఉందనే చెప్పింది. చివరకు కొత్తపాయ చావిడికి మాట పంపాను.

"నాంచారయ్యా, మీ తూముకు మోటారు పాడైందా? మనిషిని పంపమంటావా?"

చాలాసేపటికి జవాబు వచ్చింది. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినట్టుంది.

"తూము బానే ఉంది. మధ్యానం తెరుస్తాం. మీ పని మీరు చూస్కోండి పంతులుగారు."

మంచితనం అని రాయను. నారుకు ఒక పూట ఆలస్యమైతే చావదని అతనికి తెలుసు. ఆ అంకె పొద్దున్నుంచి అతని కుర్చీకి ఎదురుగా ఉంది, అంతే.

ఒంటిగంటకు 27వ తూము వంతు. అదీ మూసే ఉంది. వాళ్ళను ఏమీ అడగలేదు.

రెండు గంటల పది నిమిషాలకు 31: గ్రాము తొమ్మిది. రెండు ఇరవైకి తొమ్మిది. రెండున్నరకు ఎనిమిది.